ప్రామాణిక దేహం

పెళ్లిలో మాకు ఆరు గోడ గడియారాలు, నాలుగు డిన్నర్ సెట్లు, మూడు మిక్సీలు వచ్చాయి. అన్నీ మంచివే. ఎవరింట్లో పెట్టినా సరిపోయేవే. ప్రపంచంలో నా ఒక్కదానికే సరిపోయే కానుక మాత్రం ఒకటే వచ్చింది. అది మా ఆయన చేయించి ఇచ్చిన గుట్టల సైకిల్.

"మా ఆయన" అని రాయడం నాకింకా కొత్త. పెళ్లయి నెలన్నరే అయింది. రోజుకు నాలుగైదుసార్లయినా ఆ మాట వాడే వీలు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటాను. కూరగాయల దుకాణంలో వంకాయలు ఏరుతూ, మా ఆయనకు లేతవే ఇష్టమని అడగకపోయినా చెప్పి వస్తాను. ఆయన పేరు వేణుధర్. మా రాళ్లపేట జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతారు. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు. తలంబ్రాలప్పుడు ఆయన వంగారు, నేను పీట ఎక్కాను. అయినా సగం బియ్యం పురోహితుడి మీదే పడ్డాయి.

ఇరవై నాలుగేళ్లుగా నేను వేరేవాళ్ల కొలతలతో చేసిన వస్తువులతో సర్దుకుపోతూ వచ్చాను. బస్సులో కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. అన్నయ్య సైకిల్ మీద కాలేజీకి వెళ్లిన మూడేళ్లూ, ఆగాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒక అరుగు వెతుక్కుని దాని పక్కన ఆగేదాన్ని. ఈ సంగతి పెళ్లిచూపుల్లో చెప్పాను. వేరే ఏం చెప్పాలో తోచక చెప్పాను. ఆయన గుర్తుపెట్టుకున్నారు.

పెళ్లయిన వారానికి నన్ను పాత బస్టాండు వెనక ఉన్న ఖాజా భాయ్ సైకిల్ షాపుకు తీసుకెళ్లారు. ఖాజా భాయ్ టేపు తీయలేదు. ఒక సైకిల్ ఇచ్చి సందులో మూడు చుట్లు కొట్టి రమ్మన్నాడు. తను గుమ్మంలో గొంతుక్కూర్చుని చూశాడు. మూడో చుట్టు అయ్యాక తీర్పు చెప్పాడు.

"నువ్వు సీటు మీద కూసోవు బిడ్డా, సగం దూరం నిలవడే తొక్కుతవు. దిగుడు రాంగనే ఎనకకు జరుగుతవు. మూల మలిగేటప్పుడు ఎడమ మోచెయ్యి బయటికి పెడ్తవు. గవన్ని నీ అలవాట్లు. సైకిలే నేర్చుకోవాలె, నువ్వు గాదు."

నాలుగు రోజుల్లో సైకిల్ అన్నీ నేర్చుకుంది. హ్యాండిల్ రెండు వైపులా రెండేసి అంగుళాలు కోశాడు. పెడల్ కాడలు పొట్టివి వేశాడు. నా వేళ్లు అందేలా బ్రేకును దగ్గరికి లాగాడు. కుదుపులు ఆపే షాకుల్లో గాలి తగ్గించాడు. కంపెనీవాళ్లు దాన్ని బరువైన మనుషుల కోసం నింపారట, నేనెక్కితే అది వంగి సలాం కూడా కొట్టదట. నేను ఎక్కి కూర్చున్నాను. రెండు కాళ్లూ నేలకు ఆనాయి. చుట్టుపక్కల అరుగు అవసరం లేకుండా నేను రోడ్డు మధ్యలో ఆగి నిలబడ్డాను. వెనక ఆటోవాడు హారన్ కొట్టినా కాసేపు అలాగే నిలబడ్డాను.

మా ఊరి పక్కన నెమలిగుట్ట ఉంది. గుట్టబాటల అభివృద్ధి సంస్థవారు దాని మీద పదకొండు కిలోమీటర్ల సైకిల్ బాట వేశారు. పైనుంచి కిందికి నలభై నాలుగు మలుపులు, రెండు వైపులా సీతాఫలం చెట్లు. ఆ బాట మీద ఇద్దరం కలిసి ఒక్కసారి దిగాలన్నది మా కోరిక. దానికి గడువు కూడా ఉంది. పదకొండు రోజుల్లో ఆషాఢం వస్తుంది. ఆషాఢం రాగానే నేను పుట్టింటికి వెళ్లిపోవాలి, ఆయన ఇక్కడ ఉండిపోవాలి. నెల రోజులు. మూడు వారాల పెళ్లికి నెల రోజులంటే ఎంతో లెక్క వేసి చూపించారు మా ఆయన. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మరుసటి ఉదయమే గుట్ట దగ్గరికి వెళ్లాం. గేటు దగ్గర కావలి ఉండే నర్సింలు మమ్మల్ని ఆపి బోర్డు చూపించాడు. "ప్రతి ద్విచక్రిక దేహానుగుణముగా ఉండవలెను. ధ్రువీకరణ పత్రము లేనిదే ప్రవేశము లేదు."

బాట తెరిచిన రోజు ఎవరో అతిథి, తనకు ఎక్కువ ఎత్తయిన సైకిల్ ఎక్కి రేగు కంపల్లో పడ్డాడట. సైకిల్ మనిషి ఒంటికి సరిపోవాలని అప్పుడు ఉత్తర్వు వచ్చిందట. నాకు చాలా నచ్చింది. ఖాజా భాయ్ చెప్పిన మాటే ప్రభుత్వం కూడా చెబుతోందని మా ఆయనతో అన్నాను. దేశంలో అందరికంటే ముందు పత్రం ఇవ్వవలసింది నాకే కదా అనుకుంటూ ఆఫీసుకు వెళ్లాను.

సంస్థ సహాయ సంచాలకులు విశ్వంభరశర్మ గారు మమ్మల్ని కూర్చోమన్నారు. కుర్చీలు మూడే ఉన్నాయి. ఒకదానిలో ఆయన, ఒకదానిలో నేను. మూడోదానిలో ఒక బొమ్మ కూర్చుని ఉంది. బట్టల దుకాణాల ముందు షేర్వానీ తొడిగి నిలబెడతారే, ఆ బొమ్మ. చక్కటి ముక్కు, కొద్దిగా చిరునవ్వు, గాలిలోకి ఎత్తిన కుడిచెయ్యి. మా ఆయన నిలబడే ఉన్నారు.

అది బొమ్మ కాదని, ప్రామాణిక దేహమని శర్మ గారు చెప్పారు. ఏ సైకిల్ ఏ దేహానికి సరిపోవాలో ఉత్తర్వులో రాయలేదట. వివరణ కోరుతూ పై ఆఫీసుకు ఉత్తరం రాస్తే, ఆరు వారాల తర్వాత వాళ్లు ఒక దేహాన్నే పంపించారట. ఐదడుగుల ఏడంగుళాలు. బాట మీదికి వెళ్లే ప్రతి సైకిలూ దీనికి సరిపోవాలి.

నర్సింలు దాన్ని రెండు చేతులతో ఎత్తి నా సైకిల్ మీద కూర్చోబెట్టాడు. మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలాయి. శర్మ గారు "న్యూనత" అని రాసుకున్నారు. మా ఆయన సైకిల్ మీద కూర్చోబెట్టాడు. కాళ్లు పెడళ్లకు అందకుండా వేలాడాయి. "ఆధిక్యత" అని రాసుకున్నారు.

నా సైకిల్ నాకు అంగుళం తేడా లేకుండా సరిపోతుందని, కావాలంటే ఎక్కి చూపిస్తానని చెప్పాను.

"శ్రీమతి గారూ, తమరి సైకిల్ తమరికి సరిపోవుచున్నదనుట నిర్వివాదము. తమరు ప్రామాణిక దేహమునకు సరిపోవుచున్నారా అనునదే ప్రస్తుత పరిశీలనాంశము," అన్నారు శర్మ గారు.

అంతలో ఆయనకు ఏదో తోచి కాగితం మీద కూడిక వేశారు. నా ఎత్తూ మా ఆయన ఎత్తూ కలిపి రెండుతో భాగించారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ భాగించారు. ఐదడుగుల ఏడంగుళాలు వచ్చింది. దంపతులుగా మేము సంపూర్ణంగా ప్రామాణికులమని, తన సర్వీసులో ఇలాంటి జంటను చూడలేదని లేచి మా ఆయనకు చెయ్యిచ్చారు. నా జాతకం చూసిన పంతులు కూడా మా జోడీ గురించి ఇంత కచ్చితంగా చెప్పలేదు. ఆ కాగితం ఇస్తారా అని అడిగాను. ఆఫీసు పత్రాలు బయటికి ఇవ్వకూడదట. అయితే సైకిళ్లు మాత్రం విడివిడిగా తప్పాయి కాబట్టి ఈ సగటు వల్ల మాకు ఉపయోగం లేదట.

దారి ఒకటి ఉందని ఆయనే చెప్పారు. వ్యక్తిగత దేహ మినహాయింపు. నా దేహం ఇలాగే ఉందని, ఇకముందు కూడా ఇలాగే ఉంటుందని హామీ ఇస్తూ ముప్పై రెండు కొలతలతో దరఖాస్తు పెట్టుకోవాలి. అలాగే పెట్టాం. సోమవారం కొలిచారు. గురువారం సరిచూసుకుంటారట. ఆ మూడు రోజులే మా కొంప ముంచాయి. కొత్త జంటను ఊళ్లో ఎవరు ఊరికే ఉండనిస్తారు? సోమవారం సాయంత్రం మా చిన్నత్తమ్మ భోజనానికి పిలిచింది. మంగళవారం కాలేజీ ప్రిన్సిపాల్ గారింట్లో విందు. బుధవారం మళ్లీ చిన్నత్తమ్మే, మొదటిసారి సరిగ్గా తినలేదని. ఆమె భక్ష్యాలు వడ్డిస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టినా ఆ చేతి మీదే నెయ్యి పోస్తుంది.

గురువారం నేను ఒకటిన్నర కిలో పెరిగాను. మరుసటి రోజు మెమో వచ్చింది. "ముందస్తు అనుమతి లేకుండా దేహమునందు మార్పు గావించినందున తమపై ఏల చర్య తీసుకొనరాదో తెలియజేయవలెను."

మార్పు నేను చేయలేదని, మా చిన్నత్తమ్మ చేసిందని రాసి ఇచ్చాను. మార్పు చేసిన వ్యక్తి పూర్తి చిరునామా, వాడిన నెయ్యి వివరాలు సమర్పించమని ఇంకో మెమో వచ్చింది. చిన్నత్తమ్మ దానికి భయపడలేదు. ఆ సారు ఎవరో గాని చాలా బక్కగా ఉన్నట్టున్నాడు, ఆయన్ను కూడా భోజనానికి తీసుకురమ్మని అంది. చివరికి శర్మ గారు, నూతన వధూవరుల దేహాలు మొదటి ఆరు నెలలు అస్థిరాలని తేల్చి, ఒకటిన్నర కిలోను తాత్కాలికంగా క్షమించారు.

ఇక దరఖాస్తులో పంతొమ్మిదో గడి మిగిలింది. స్వారీ శైలి. అబద్ధం రాయకూడదని కింద ఉంది. దిగుడులో నాకు నవ్వు ఆగదని రాశాను. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూస్తానని మా ఆయన రాశారు. దేని కోసమని శర్మ గారు అడిగారు.

"మా ఆవిడ వస్తున్నదా లేదా అని, సార్," అన్నారు మా ఆయన.

నేను తల దించుకుని ఆ గది గచ్చు మీద ఎన్ని బండలున్నాయో లెక్కపెట్టాను. శర్మ గారు మాత్రం సంతోషించలేదు. రాసిన శైలికి రుజువు కావాలి. రుజువు బాట మీద చూపించాలి. బాట మీదికి వెళ్లాలంటే పత్రం కావాలి. పత్రం రావాలంటే రుజువు కావాలి. ఈ ఇబ్బందిని ఆయన పెద్ద మనసుతో పరిష్కరించారు. ఆఫీసు ముందు చక్రాల కుర్చీల కోసం కట్టిన ఏటవాలు ఉంది. దానినే గుట్టగా భావించమన్నారు.

ఆ ఏటవాలు పొడవు మూడు బారలు. నేను దిగాను. నవ్వు రాలేదు. మళ్లీ దిగమన్నారు. ఆఫీసు సిబ్బంది అంతా పనులు మానుకుని మెట్ల మీద నిలబడి నవ్వు కోసం చూస్తున్నారు. ఏడుసార్లు దిగాను. ఏడోసారి నర్సింలు, కనీసం పళ్లన్నా చూపించమ్మా అని మెల్లగా బతిమాలాడు. మా ఆయన ఉన్న ఒక్క మలుపులోనూ వెనక్కి తిరిగి చూసి, వెళ్లి తులసికోటకు గుద్దుకున్నారు. ఇద్దరి శైలీ రుజువు కాలేదని రాశారు. దరఖాస్తు తిరస్కరించారు.

ఆ రోజు ఇంటికి వచ్చి నేను సూట్‌కేసు దించాను. ఎల్లుండి ఆషాఢం. మా అన్నయ్య బండి తీసుకుని ఉదయం ఏడింటికే వస్తాడు. సైకిల్‌ను వరండాలో గోడకు ఆనించి, దుమ్ము పడకుండా పాత చీర కప్పాను. మా ఆయన ఆ చీర కుచ్చిళ్లు సర్దుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు. మాకు ఇంకా ఒకే ఒక్క రోజు ఉంది, ఆ రోజు చేయడానికి ఏమీ లేదు.

ఆ ఒక్క రోజు పొద్దున్నే నర్సింలు మా ఇంటికి వచ్చాడు. శర్మ గారు ఇద్దరినీ వెంటనే రమ్మన్నారట, సైకిళ్లతో సహా.

ఆఫీసులో శర్మ గారి ముఖం వాడిపోయి ఉంది. బాట తెరిచి రెండు నెలలైంది, ఇంతవరకు ఎంతమంది ఉపయోగించారో సాయంత్రంలోగా తెలపాలని పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మూడు వందల పద్నాలుగు దరఖాస్తులు వచ్చాయి. మూడు వందల పద్నాలుగూ తిరస్కరించారు. ప్రామాణిక దేహానికి సరిపోయే సైకిళ్లు పదహారు దొరికాయి గాని, వాటి యజమానులు వాటికి సరిపోలేదు. సున్నా అని రాస్తే తన ఉద్యోగం ఉండదు. ఒక్కరైనా దిగాలి. అర్హత ఉన్నవారు మొత్తం మండలంలో ఒక్కరే ఉన్నారు.

అందరం ఆ ఒక్కరి వైపు చూశాం. ఆయన కుర్చీలో చెయ్యెత్తి చిరునవ్వుతో కూర్చుని ఉన్నారు.

"అయితే వారికి స్వయముగా తొక్కు సామర్థ్యము లేదు," అన్నారు శర్మ గారు, మొదటిసారి గొంతు తగ్గించి. "దంపతులుగా తమరిద్దరూ ప్రామాణికులు కావున..."

మా ఆయన వెంటనే అందుకున్నారు. ప్రామాణిక దేహం వారు స్వారీ చేస్తారు, మేమిద్దరం సహాయకులుగా వస్తాం. సహాయకుల దేహాల గురించి గాని, సైకిళ్ల గురించి గాని ఉత్తర్వులో ఏమైనా ఉందా అని అడిగారు. శర్మ గారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. లేదు. సహాయకుడు ఏనుగు మీద వచ్చినా అభ్యంతరం ఉండదట.

ప్రామాణిక దేహాన్ని మా ఆయన వీపుకు కట్టారు. ఖాజా భాయ్ పాత ట్యూబులు రెండు తెచ్చి పెళ్లికొడుకును పల్లకిలో కూర్చోబెట్టినంత జాగ్రత్తగా బిగించాడు. ఇటు ముఖం పెడితే ముక్కు మా ఆయన మెడకు గుచ్చుకుంటోందని, వీపుకు వీపు ఆనించి కట్టాడు. శర్మ గారు ప్రామాణిక దేహానికి నమస్కరించి, ప్రయాణం క్షేమంగా జరగాలని ఆకాంక్షించి, పచ్చ జెండా ఊపారు.

మేము దిగాం.

ఆ దిగుడు గురించి నేను సరిగ్గా రాయలేను. ముందు రోజు చినుకు పడి మట్టి వాసన ఇంకా పోలేదు. మొదటి రాయి దగ్గర షాకులు మెత్తగా కుంగి నన్ను మళ్లీ పైకి లేపాయి. ఎక్కడా అరుగు వెతుక్కోలేదు. ఒక్క వేలితో బ్రేకు పట్టాను. మూల మలిగినప్పుడు ఎడమ మోచెయ్యి బయటికి పెట్టాను, సైకిల్ ఏమీ అనలేదు. కౌజు పిట్టలు రెండు దారికి అడ్డంగా పరిగెత్తాయి. మా ఆయన ప్రతి మలుపులోనూ వెనక్కి తిరగాలని చూశారు. పాపం, వీపు మీద మనిషి ఉండటంతో మెడ తిరగలేదు. ఆయన బదులు ఆ బొమ్మే నన్ను చూస్తోంది. మొదటి మలుపు నుంచీ చెయ్యెత్తి, చిరునవ్వుతో, మీ ఆయన అడుగుతున్నాడు వస్తున్నావా అన్నట్టు. నేను నవ్వి నవ్వి కళ్లు కనిపించక, పంతొమ్మిదో మలుపు దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆయనా ఆగారు. ముగ్గురం కలిసి ఒక నీళ్ల సీసా ఖాళీ చేశాం, ఒకరు తాగలేదు.

మాకంటే ముందే జీపులో కిందికి చేరిన శర్మ గారు పూలదండతో నిలబడి ఉన్నారు. దండ వేయబోయి ఆగిపోయారు. ప్రామాణిక దేహానికి కుడిచెయ్యి లేదు. భుజం దగ్గర గుండ్రటి రంధ్రం మాత్రమే ఉంది.

బొమ్మ చేతులు తిప్పి తీసేవే కదా, దారిలో కుదుపులకు ఊడి ఉంటుందని, నవ్వు మధ్య నేను చూసుకోలేదని అన్నాను. శర్మ గారు అది వినలేదు. ఆయన ఆలోచిస్తున్నది చేతి గురించి కాదు, ప్రమాణం గురించి. దేహం ఎలా ఉంటే అదే ప్రమాణం. ఆ సాయంత్రమే సవరణ వచ్చింది. ఇకపై అన్ని సైకిళ్లకూ కుడివైపు హ్యాండిల్ తొలగించవలెను, చెయ్యి లభించువరకు.

ఇది జరిగిన మర్నాడు మా అన్నయ్య వచ్చాడు, నేను పుట్టింటికి వెళ్లిపోయాను. సైకిల్‌ను బండి మీద వేసుకుని తీసుకెళ్లాను. మా అమ్మ దాన్ని చూసి, ఆషాఢం పూర్తయ్యేదాకా అల్లుడు ఈ వీధి వైపు కూడా రాకూడదని గుర్తుచేసింది. ఒక వారం గడిచింది. ఆయన ఫోన్లో రోజూ ఒకే మాట అడిగేవారు, అన్నం తిన్నావా అని. నేనూ అదే అడిగేదాన్ని. అంతకంటే ఏం మాట్లాడినా ఏడుపు వచ్చేలా ఉండేది.

ఎనిమిదో రోజు రిజిస్టర్డ్ పోస్టులో కవరు వచ్చింది. మా అమ్మే సంతకం పెట్టి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివింది.

"ప్రామాణిక దేహము యొక్క దక్షిణ హస్తము అదృశ్యమగు సమయమున తమరు ప్రత్యక్ష సాక్షి కావునను, దంపతులుగా తమరు ప్రమాణమునకు తుల్యులు కావునను, సదరు హస్తము లభించువరకు ప్రతి ఆదివారము ఉదయము ఆరు గంటలకు తమరు తమ భర్త గారితో కలిసి, తమ తమ సైకిళ్లపై, నెమలిగుట్ట బాట యావత్తు గాలించి నివేదిక సమర్పించవలెను. గైర్హాజరు సహింపబడదు."

ఇది ఆషాఢమని, అల్లుణ్ణి కలవకూడదని నేను నెమ్మదిగా గుర్తుచేశాను. మా అమ్మ కాగితాన్ని తిప్పి చూసింది, ముద్ర ఉందో లేదోనని. ఉంది. రెండు ముద్రలు ఉన్నాయి. కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టింది.

"సర్కారు కాయితం వచ్చినంక పోకపోతే ఎట్ల? నువ్వు అత్తగారి గడప దాటొద్దన్నరు. గుట్టకు గడప లేదు గద," అంది. ఆదివారం తెల్లవారకముందే లేచి ఇద్దరికీ సరిపడా సర్వపిండి చేసి డబ్బాలో కట్టి ఇచ్చింది. కాల్చేటప్పుడు మా ఆయనకు ఏది ఇష్టమో నన్ను అడగలేదు, అంచులు కరకరలాడేలా కాల్చింది.

ఇప్పటికి మూడు ఆదివారాలు అయ్యాయి. ప్రతిసారీ శర్మ గారు గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు. ఏమైనా కనబడిందా అని అడుగుతారు. ఇంకా పదకొండు కిలోమీటర్లూ సరిగ్గా గాలించలేదని మా ఆయన చెబుతారు. తొందరేమీ లేదని, క్షుణ్ణంగా వెతకమని శర్మ గారు అంటారు. పోయినసారి ఆషాఢం తర్వాత కూడా గడువు పొడిగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు.

చెయ్యి మొదటి ఆదివారమే దొరికింది. ముప్పై ఒకటో మలుపు దగ్గర సీతాఫలం చెట్టు కింద, వేళ్లు పైకి పెట్టి పడి ఉంది. వాన తగలకుండా దాన్ని రెండు బండల మధ్య పెట్టి, పైన ఎండుటాకులు కప్పాం. ప్రతి ఆదివారం అక్కడ ఆగి, సర్వపిండి తిని, ఆకులు తొలగించి అది భద్రంగా ఉందో లేదో ఇద్దరం వంగి చూస్తాం. మళ్లీ ఆకులు కప్పి, కిందికి వెళ్లి, దొరకలేదని సంతకం పెట్టి వస్తున్నాం.